క్యాంపస్ కింద తిమింగలం

నేను కింద రాసిన ప్రతి మాటా నిజం. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎడమచేత్తో కలం పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నా ప్రమాణాలకు మా ఇంట్లో పెద్ద విలువ లేదనుకోండి. "ఒట్టు" అన్న మాట నా నోటివెంట రాగానే మా ఆవిడ చేతిలో పని ఆపకుండా "ఊఁ, మొదలుపెట్టండి" అంటుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. మా ఆఫీసు బీరువాలో ఒక నాగుపాము ఇరవై ఏళ్ళు ఫైళ్ళ మధ్య ఉండి, ఎవరినీ కరవకుండా, మర్యాదగా రిటైరయి వెళ్ళిపోయిందని కొత్తగా చేరిన ముగ్గురు గుమాస్తాలను నమ్మించినవాణ్ణి నేను. వాళ్ళలో ఒకాయన ఆ తర్వాత చాలాకాలం బీరువా తెరిచే ముందు తలుపు తట్టేవాడు.

ఇది అలాంటిది కాదు. ఇందులో ఇంకా పుట్టని ఒక బిడ్డ ప్రాణం ఉంది. అలాంటి చోట ఎవరైనా కల్పిస్తారా?

తొంభైల నడుమ సంగతి. అప్పుడు నేను యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాను. తార్నాకలో, లాలాపేట్ వైపు దిగే ఒక సందులో, మేడ మీద సిమెంటు రేకుల కప్పు కింద ఉండేవాళ్ళం. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున పదింటికే రేకులు టక్కుటక్కుమనేవి, పైన ఎవరో చెప్పులేసుకుని తిరుగుతున్నట్టు. మధ్యాహ్నం కరెంటు పోయేది. పాపకు ఏడేళ్ళు, బాబుకు నాలుగు. ఇద్దరూ గచ్చు మీద నీళ్ళు చల్లుకుని, ఆ తడి మీద బోర్లా పడుకునేవాళ్ళు. తడి ఆరి గచ్చు వేడెక్కాక మాట్లాడకుండా లేచి ఇంకో మూలకు పాకేవాళ్ళు. పిల్లలు గోల చేస్తే కోపం వస్తుంది గానీ, పిల్లలు అలా చప్పుడు చేయకుండా పాకుతుంటే భయమేస్తుంది.

ఈమధ్య ఊళ్ళో ఒక పార్కులో చూశాను. నేలలోంచి నీళ్ళు చిమ్ముతుంటాయి, పిల్లలు వాటి మీద ఎగురుతుంటారు, టికెట్టు లేదు. తల్లిదండ్రులు బెంచీల మీద కూర్చుని తువ్వాళ్ళు పట్టుకుని చూస్తుంటారు. నేను అక్కడ రెండు నిమిషాలకంటే ఎక్కువ నిలబడలేకపోయాను. నేలలోంచి నీళ్ళు రావడం చూస్తే నా కళ్ళు ముందుగా ఆ నీళ్ళు తిరిగి ఎటు పోతున్నాయో వెతుకుతాయి.

మాకు కూడా అలాంటిదే ఉండేది ఆ రోజుల్లో. ఎవరూ కట్టించలేదు. దానంతటదే పగిలింది.

ముందు కింది భాగంలో ఉండే ఇంటివాళ్ళ గురించి చెప్పాలి. ఇంటాయన రైల్వేలో చేసి రిటైరయి, మెట్టుగూడ క్వార్టర్సు వదిలి ఈ ఇల్లు కట్టుకున్నాడు. మాట తక్కువ. ఇల్లు నడిపేది ఇంటావిడ. ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్ళేటప్పుడు తప్ప గడప దాటేది కాదు, కానీ సందులో ఆమెకు తెలియని సంగతి ఉండేది కాదు. వాళ్ళకు ఒక్కతే కూతురు. మల్కాజ్‌గిరిలో అత్తవారిల్లు. రెండేళ్ళ కిందట ఆ పిల్లకు ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది. అందుకని ఈసారి ఐదో నెల దాటగానే, మార్చి చివర్లోనే, తల్లే గడప దాటి వెళ్ళి తీసుకొచ్చేసింది.

"ఎనిమిదో నెల దాటితె చాలు సారూ," అంది ఇంటావిడ మా మెట్ల దగ్గర నిలబడి. "ఆ ఒక్క నెల దాటాలె. ఎండల తిరగనియ్య, మెట్లెక్కనియ్య, బరువు ఎత్తనియ్య. బువ్వ నేనే పెడత, నీళ్ళు నేనే ఇస్త. ఈసారి నా చేతుల మీదికెల్లి దాటిస్త."

నీళ్ళు ఎలా ఇచ్చేదో కూడా చెప్పాలి. మా సందుకు నల్లా రోజు విడిచి రోజు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. ప్రెషర్ ఉండేది కాదు కాబట్టి ఇంటింటివాళ్ళూ నల్లా గొట్టానికే మోటరు బిగించి లాగేవాళ్ళు. చేయకూడదని అందరికీ తెలుసు. అందరూ చేసేవాళ్ళు. ఆ వేసవిలో కరెంటు కోత మాకు సరిగ్గా నాలుగు నుంచి ఐదు. కాబట్టి సందులో మోటర్లన్నీ ఐదింటికి ఒక్కసారిగా గుర్రుమనేవి. అలా మోటరు వేయగానే వచ్చే మొదటి రెండు బిందెలు ఇంటావిడ కూతురికి మాత్రమే పట్టేది.

"ముందుగాల వచ్చేటివి కొత్త నీళ్ళు సారూ. ఎనకొచ్చేటివి మనకు. కడుపుతోని ఉన్నదానికి ముందుటివే ఇయ్యాలె."

పాత తెల్లచీర ముక్క నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడపోసేది. కాచేది కాదు. కాస్తే నీళ్ళ రుచి చస్తుందని ఆమె నమ్మకం. ఆ రెండు బిందెలూ నిండేదాకా మమ్మల్ని కూడా నల్లా దగ్గరికి రానిచ్చేది కాదు. నిండాక ఒక చెంబు ముంచి, వరండాలో కుర్చీలో కూర్చున్న కూతురి చేతికిచ్చి, చివరి చుక్క తాగేదాకా ఎదురుగా నిలబడేది.

ఇక పైపు సంగతి.

మా ఆఫీసు ఐదింటి దాకా. మూడింటికే ఎలా బయటపడేవాడినని అడక్కండి. నా కుర్చీ మీద నా తువ్వాలు ఐదింటి దాకా డ్యూటీ చేసేది. హాస్టళ్ళ వెనక బండల మధ్య ఒక కాలిబాట ఉండేది. తార్నాకకు నీళ్ళు తెచ్చే పెద్ద ఇనప పైపు ఆ బాట పక్కనే, సగం మట్టిలో సగం పైన, పడుకున్నట్టు పోయేది. ఒకచోట పల్లంలో, రెండు గొట్టాలు కలిసే అతుకు పగిలింది. నాలుగింటికి లైను వదిలేవాళ్ళు. అప్పుడు కరెంటు ఉండదు, మోటర్లు నడవవు కదా, నీళ్ళు లాగేవాళ్ళు లేక పైపు నిండిపోయి, ఆ పగులులోంచి నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని తాటిచెట్టంత ఎత్తుకు లేచేవి. తాటిచెట్టు నా లెక్క. మా ఆవిడ లెక్కలో తలుపంత.

మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్ళిన రోజు ఇంకా నాలుగు కాలేదు. పల్లమంతా ఎండి, పగుళ్ళిచ్చి ఉంది. గుల్‌మొహర్ చెట్లు నెత్తుటిరంగు పూలతో కదలకుండా నిలబడి ఉన్నాయి. లాలాపేట్ వైపు నుంచి వచ్చిన నాలుగు గేదెలు దూరంగా బండ నీడన నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి. అప్పుడు పైపు మూలిగింది. ఎక్కడో దూరాన, బండల అడుగున మొదలై, మా కాళ్ళ కిందికి వచ్చి, ఆగింది. బాబు నా ప్యాంటు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాడు.

వాడి ఏడుపు ఆపడానికి నోటికొచ్చింది చెప్పాను. "భయపడకురా. తిమింగలం నిద్రలేస్తోంది."

"తిమింగలమా?"

"అవును. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేది. వెనక్కి పోయేటప్పుడు అన్నిటినీ పిలుచుకుని పోయింది. ఒక ముసలి తిమింగలం నిద్రలో ఉండి వినలేదు. పాపం, ఇక్కడే ఉండిపోయింది. దాని మీదే ఈ యూనివర్సిటీ కట్టేశారు."

పాప అనుమానపు పిల్ల. "లైబ్రరీ ఎక్కడున్నది మరి?"

"వీపు మీద."

"హాస్టలు?"

"తోక మీద. అందుకే ఆ స్టూడెంట్లు ఒక్క చోట కూర్చోలేరు."

"మరి నోరు ఎక్కడున్నది నాన్నా?"

దానికి జవాబు ఆలోచించుకునేలోపు నీళ్ళు లేచాయి. చల్లగా, మట్టివాసనతో, మొహం మీద కొట్టాయి. బాబు ఏడుస్తూనే నవ్వాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఎండాకాలం మొదలయ్యాక మొదటిసారి కేకలు పెట్టారు.

ఆ తర్వాత నల్లా రోజు వచ్చిందంటే వదిలేవాళ్ళు కాదు. మేమొక్కళ్ళమే కాదు. లాలాపేట్ నుంచి, హాస్టల్ వంటవాళ్ళ ఇళ్ళ నుంచి పదిహేను ఇరవైమంది పిల్లలు చేరేవాళ్ళు. తల్లులు బండల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ, మధ్యలో తమ చీర కొంగు ముంచి మెడ తుడుచుకునేవాళ్ళు. కొందరు బట్టలు కూడా అక్కడే పిండేవాళ్ళు. తిమింగలం కథ వారంలో పిల్లలందరికీ పాకింది. నాలుగింటికి ముందు అందరూ పైపుకు చెవులు ఆనించి వరసగా పడుకునేవాళ్ళు. ఎవరో ఒకరు "లేస్తున్నది రోయ్" అని అరిచేవాళ్ళు. గేదెలు మాత్రం బండ దగ్గరే ఉండేవి. మేం ఎప్పుడు పోతామా అని.

ఐదయ్యేసరికి కరెంటు వచ్చి, మోటర్లు లాగడం మొదలయ్యి, ఆ నీళ్ళు వంగి, కుంగి, పడిపోయేవి. పడిపోవడం మొదలవగానే ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆట అయిపోయింది కదా. ఆ తర్వాత అక్కడేం జరుగుతుందో ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో ఇంటావిడ కూతురు మాకోసమే కాచుకుని ఉండేది. నన్ను అన్నా అనేది. నా అబద్ధాలు వినడానికి ఆ వేసవిలో ఆ పిల్లకంటే మంచి శ్రోత దొరకలేదు.

"అన్నా, మీ తిమింగలం ఇయ్యాల ఎంత ఎత్తు ఊదింది?"

"ఇవాళ ఒక కాకి తడిసిపోయిందమ్మా."

"కాకా! నిన్నటికంటె ఎక్కువనే. నన్ను కూడ ఒకసారి తోల్కపోరాదు? తడిమట్టి వాసనకు పానం గుంజుతున్నది."

"ఆఁ, పో!" అని లోపలి నుంచి తల్లి గొంతు. "గీ కడుపేసుకోని బండలెక్కి పో. సారూ, మీరు దానికి లేనిపోనివి చెప్పకుండ్రి. పిల్లలను గట్ల నానవెట్టుకొస్తిరి, జొరమొస్తె ఎవలు జూస్తరు?" అంటూ చెంబుతో వచ్చేది. "ముందుగాల ఇవి తాగు."

ఆ పిల్ల చెంబెత్తి ఊపిరి తీసుకోకుండా తాగేది. గొంతులో నీళ్ళు దిగడం కనిపించేది. తాగి, అరచేత్తో మూతి తుడుచుకుని, ఆ తడిచెయ్యి కడుపు మీద పెట్టుకునేది. "లోపటిది కూడ తాగుతున్నది అన్నా, తన్నుతున్నది," అని నవ్వేది.

మే నెల నడుమ ఒక రోజు బాబు చెప్పు ఒకటి బురదలో దిగబడిపోయింది. వెతుకుతూ ఉండిపోయాం. ఐదు దాటింది. నీళ్ళు పడిపోయాయి. మిగతా పిల్లలూ తల్లులూ వెళ్ళిపోయారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, బండల మీద తడి ఆరడం వినపడుతుందేమో అనిపించింది. గేదెలు మెల్లగా దిగి వచ్చి మేం ఆడిన మడుగులో నిలబడ్డాయి. ఒకటి తోకెత్తి, చేయవలసింది అందులోనే చేసింది.

అప్పుడు ఒక చప్పుడు. మూలుగు కాదు. సోడా సీసా అడుగున గొట్టంతో పీలిస్తే వచ్చే చప్పుడు. మడుగులో గుల్‌మొహర్ రేకులు తేలుతున్నాయి. అవి కదిలాయి. ముందు మెల్లగా, తర్వాత వేగంగా, గుండ్రంగా తిరుగుతూ పగులు వైపు పోయాయి. పోయి, ఒక్కొక్కటే లోపలికి జారాయి.

"నాన్నా," అంది పాప, చాలా మామూలుగా. "తిమింగలం లోపటికి పీలుస్తున్నది."

నేను మోకాళ్ళ మీద కూర్చుని పగులు దగ్గర అరచెయ్యి పెట్టాను. చెయ్యి అతుక్కుపోయింది. లాక్కుంటే చప్పుడుతో ఊడింది.

నాకు పెద్దగా చదువు లేదు గానీ, ఆ పైపు ఎటు పోతుందో తెలుసు. అక్కడి నుంచి రెండు ఫర్లాంగుల్లో మా సందు ఉంది. సందులో ఇరవై మోటర్లు ఒక్కసారి లాగుతున్నాయి. పైపులో ఉన్నవి చాలక, పగులులోంచి ఈ మడుగును లాగుతున్నాయి. పిల్లలు ఉచ్చ పోసిన మడుగు, బట్టలు పిండిన మడుగు, గేదెలు నిలబడ్డ మడుగు. మోటరు వేయగానే ముందు వచ్చేది ఇదే. మొదటి రెండు బిందెలు.

చెప్పు వదిలేశాను. బాబును భుజాన వేసుకుని, పాప చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. మెయిన్ రోడ్డు ఎలా దాటానో తెలియదు. గేటు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల అరచేత్తో మూతి తుడుచుకుంటోంది.

"అన్నా, ఏమైంది? తిమింగలం ఎంటపడ్డదా?"

"అమ్మా, ఆ నీళ్ళు తాగకు. ఆంటీ, ఆ బిందెలు పారబోయండి. పైపు... అక్కడ పైపు మడుగు నీళ్ళు లోపలికి పీలుస్తోంది. గేదెలు పేడేసిన నీళ్ళు. నా కళ్ళతో చూశాను. చెయ్యి పెట్టి చూశాను."

ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "సారూ, మొన్నటిదాంక పైపుల తిమింగలమున్నదంటిరి. ఇయ్యాల పైపే నీళ్ళు తాగుతున్నదంటున్నరు. రేపు మా మోటరు గుడ్లు వెట్టిందంటరు."

కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మా, నవ్వియ్యకే, నొస్తున్నది!"

"నవ్వకండి. ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు."

"అయ్యో, పిల్లల మీద ఒట్లు పెట్టొద్దు సారూ, తప్పు," అంది ఇంటావిడ, నవ్వాపి.

మాట తక్కువైన ఇంటాయన పేపరు మడిచి మొదటిసారి నావైపు తిరిగాడు. "పైపు పగిలితె నీళ్ళు బయటికొస్తయి. లోపటికి పోవు. ముప్పై ఏండ్లు ఇంజిన్లకు నీళ్ళు వట్టిన నేను. నాకు చెప్తున్నరా మీరు?"

మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

మర్నాడు లైను వదిలే మనిషిని పట్టుకున్నాను. సైకిల్ మీద పొడుగాటి ఇనప తాళంచెవి కట్టుకుని తిరిగేవాడు. అంతా విని, "మీరేనా సార్, తిమింగలం సార్? మా పిల్లలు రోజు మీ ముచ్చటే చెప్తరు," అని చేతులు జోడించాడు. "పరేషాన్ కాకుండ్రి. లీకేజీ నోట్ చేసుకున్న. వానలు వడ్డంక చూద్దాం."

ఆ రాత్రి మా ఆవిడ ఒక మాట అంది. "నిజం మీ నోట్లోంచి వస్తే ఎవరూ గుర్తుపట్టరు. మీకు వచ్చిన విద్యలోనే చెప్పుకోండి."

పాపకు ఆ వారమే ముందుపన్ను ఊడింది. ఇంటి కప్పు మీదికి విసరాలి కదా, కానీ మా రేకుల మీద వేస్తే దొర్లి కింద పడుతుందని, మంచి పెంకుటిల్లు దొరికేదాకా అగ్గిపెట్టెలో దాచుకుంది. తర్వాతి నల్లా రోజు నేను ఆ పన్ను తీసి జేబులో వేసుకున్నాను. ఐదింటికి మోటరు వేశారు. ఇంటావిడ బిందె మూతికి చీరముక్క కట్టి, మోటరు స్విచ్చు సరిచేయడానికి లోపలికి తిరిగింది. నాకు ఆ ఒక్క క్షణం చాలు. నా చేతులు ఇలాంటివాటిలో ఎప్పుడూ తప్పు చేయలేదు.

రెండు బిందెలూ నిండాయి. ఆమె ముడి విప్పి, గుడ్డ పిండబోయి, ఆగింది.

"ఇదేంది?"

అరచేతిలో చిన్న తెల్లటి పన్ను. వేరు దగ్గర కొంచెం ఎర్రగా.

"పన్ను," అన్నాను మెల్లగా. "మనిషి పన్ను."

ఆమె కేక వేయలేదు. వేసి ఉంటే నాకు బాగుండేది. చెయ్యి చాచి అలాగే నిలబడి, మొహంలో రంగంతా దిగిపోయి, కూతురి చేతిలో చెంబు ఉందేమోనని తల తిప్పి చూసింది. లేదు. ఇంకా ఇవ్వలేదు. రెండు బిందెలూ కాలితో తన్ని పడేసింది. అప్పుడు కేక వేసింది.

మెట్ల మీద మా పాప నిలబడి ఉంది. పన్ను చూసింది. నన్ను చూసింది. నాలుకతో చిగురులో ఖాళీని తడుముకుని, ఏమీ అనకుండా మేడెక్కి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ పిల్ల. ఆ మౌనం ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

దీపాలు పెట్టకముందే సందు చివర పన్ను దవడ అయింది. లాలాపేట్ చేరేసరికి పుర్రె అయింది. రెండేళ్ళ కింద కనపడకుండా పోయిన ఒక స్టూడెంటు కూడా ఎక్కడి నుంచో ఆ మాటల్లోకి పుట్టుకొచ్చాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా గునపాలతో మనుషులు, ఒక జీపు, వెనక మా సందంతా. వానలు పడేదాకా ఆగలేదు ఎవరూ.

అతుకు విప్పారు. పుర్రె లేదు. కానీ లోపల ఉన్నది చూశాక ఎవరూ పుర్రె సంగతి అడగలేదు. గొట్టం అడుగున జానెడు మందాన నల్లటి ఒండు, అందులో పేడ, గేదె వెంట్రుకలు, పీలికలైన గుడ్డలు, ఒక చిన్న చెప్పు. ఇంటాయన ముందుకు వంగి చూసి, వెనక్కి వచ్చి, బండ మీద కూర్చున్నాడు. ఇంజిన్ల గురించి ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

కొత్త అతుకు వేసి, సిమెంటు పోసి మూసేశారు. పిల్లలు వరసగా నిలబడి చూశారు. "చచ్చిపోయిందా నాన్నా?" అన్నాడు బాబు.  ఆ రోజు నుంచి సందులో ప్రతి పొయ్యి మీదా నీళ్ళ గిన్నె మరిగింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఆ పిల్లకు ఎనిమిదో నెల వచ్చింది. ఇంటావిడ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టడం మాకు పైకి వినిపించేది. పదమూడో రోజు పొద్దున ఆమె మెట్లెక్కి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మా మెట్లెక్కలేదు.

"సారూ, ఒకసారి కిందికి రారి. పిల్ల కండ్లు జూడుండ్రి."

ఆ పిల్ల వరండాలో వెలుగు వైపు తిరిగి కూర్చుంది. కళ్ళల్లో తెల్లగుడ్డు పసుపులో ముంచినట్టు ఉంది. "అన్నా, నాకేం అనిపిస్తలేదు. జరంత అన్నం సయిస్తలేదు, గంతే," అంది. నన్ను నవ్వించడానికి ఏదో అనబోయి, మర్చిపోయినట్టు ఆగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పింది. "నీళ్ళ నుంచి వచ్చే కామెర్లు. మామూలు మనుషులకు తగ్గిపోతాయి. గర్భిణులకు చాలా ప్రమాదం. ఇది నిన్నా మొన్నా అంటుకున్నది కాదు. లోపలికి వెళ్ళాక బయటపడడానికి మూడు వారాలు, నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది."

నేను గోడకు ఆనుకుని లెక్కపెట్టాను. నేను చూసిన రోజు నుంచి ఇంకా పదిహేను రోజులే అయింది. అంటే నాకు తెలియకముందే ఆ నీళ్ళు లోపలికి వెళ్ళాయి. ఇంటావిడ కూడా లెక్కపెట్టుకుంది. కింద కూర్చుని రెండు అరచేతులూ ముందు పెట్టుకుని వాటినే చూసుకుంది.

"గీ చేతులతోనే వట్టిన. ముందుటి బిందెలు. ఎవలను తాకనియ్యలే. గీ చేతులతోనే తాగిపిచ్చిన."

వారం తర్వాత బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. కదలలేదు. తల్లి ఇంకో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. ఇంటికి వచ్చినప్పుడు ఆటో దిగడానికి ఇద్దరు పట్టుకున్నారు. వరండాలో కుర్చీ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వానలు మొదలయ్యాక మల్కాజ్‌గిరి నుంచి భర్త వచ్చి తీసుకెళ్ళాడు.

ఇక ప్రమాణం సంగతి. ఇందులో ఒక్కటి నేను కల్పించాను.

పన్ను కాదు. పన్ను నిజం, ఒండు నిజం, ఆ పిల్ల కళ్ళు నిజం. కల్పించింది ఒక తేదీ. బాబు చెప్పు దిగబడడం, పూల రేకులు లోపలికి జారడం, పాప ఆ మాట అనడం మే నెల నడుమ కాదు. ఏప్రిల్ మూడో వారంలో. చెయ్యి పెట్టి చూశాను, అతుక్కుంది, అర్థమైంది. అన్నీ ఆ రోజే.

పరుగెత్తలేదు. బాబు చెప్పు కోసం ఇంకాసేపు వెతికాను. "అప్పుడప్పుడు అది కూడా ఊపిరి తీసుకోవాలి కదమ్మా" అని పాపతో అన్నాను. మామూలుగా నడిచి ఇంటికి వచ్చాను. ఆ పిల్ల చెంబెత్తి తాగుతుంటే పక్కనుంచి మెట్లెక్కి పైకి వెళ్ళాను. మా ఆవిడతో, ఆఫీసులో ఎవరికో టైఫాయిడ్ వచ్చిందని, ఇవాళ్టి నుంచి మన నీళ్ళు కాచమని చెప్పాను. మన నీళ్ళు. ఆ మాటే అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే మూసేస్తారు. ఆ వేసవిలో నా పిల్లలకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే. కొద్దిగా మడుగు నీళ్ళు అంత పెద్ద పైపులో కలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. వడగడుతోంది కదా అనుకున్నాను. ఎప్పటికప్పుడు, వచ్చే నల్లా రోజున చెబుదామనుకున్నాను. మే నెల నడుమ, లాలాపేట్ నుంచి వచ్చే ఒక పిల్ల రావడం మానేసింది. కామెర్లన్నారు వాళ్ళమ్మ పక్కన కూర్చునే ఆడవాళ్ళు. ఆ సాయంత్రం పరుగెత్తాను. పైన రాసిన పరుగు అదే.

మధ్యలో పన్నెండు నల్లా రోజులు. ఇరవై నాలుగు బిందెలు. డాక్టరమ్మ చెప్పిన మూడు వారాలూ, నెలా, వాటి మీదే వచ్చి పడతాయి. వాటిలో ఏ బిందెదో ఎవరూ చెప్పలేరు. అంతకుముందు తాగినవాటిదే కావచ్చు. నేను ఆ మొదటి రోజే చెప్పినా నవ్వేవాళ్ళేమో. ఇలా చాలా రకాలుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నాలోని ఆ శ్రోత కూడా నమ్మలేదు.

మేం ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా ఏళ్ళయింది. ఇంటావిడ ఉంది. ముసలిదైపోయింది. కూతురికి తర్వాత పిల్లలు పుట్టలేదు. ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే కూర్చోబెడుతుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళెవరైనా అక్కడుంటే నన్ను చూపించి చెబుతుంది. "గీ సారు అప్పుడే చెప్పిండు. పిల్లల మీద ఒట్టు వెట్టి, ఉరికొచ్చి చెప్పిండు. నేనే నవ్విన. నేనే చేసుకున్న." చెబుతూ ఆ రెండు చేతులూ ముందుకు చాపుతుంది. అద్దెకున్నవాళ్ళు నావైపు గౌరవంగా చూస్తారు.

నేను తల వంచుకుని వింటాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాదనలేదు.